నీడలకు నడక నేర్పిన లోటె రైనిగర్

నల్లమల కొండల పాదాన వెలసిన మహానంది క్షేత్రంలో కోనేటి నీరు ఎంతో తేటగా ఉంటుంది. అడుగున పడిన నాణెం సైతం పైనుంచి స్పష్టంగా కనిపిస్తుంది. ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, ఆ నీటిలో ఈదేవారి నీడలు అడుగునున్న రాతిపరుపు మీద వారితోపాటే సాగిపోతుంటాయి. పైనున్న మనిషి ముఖం, రంగు, వయస్సు అన్నీ తెలుస్తూనే ఉంటాయి. కింది నీడలో ఇవేవీ ఉండవు. అందులో ఉండేది ఆకారమూ, కదలికా మాత్రమే. అయినా చూసేవారి చూపు ఆ నీడమీదనే నిలిచిపోతుంది. నీడల పట్ల మానవునికి గల ఈ ఆకర్షణ నేటిది కాదు.

మహానంది మొదలుకొని లేపాక్షి వరకు విస్తరించిన రాయలసీమ పల్లెలు ఈ ఆకర్షణను ఒక మహత్తర కళగా పెంచి పోషించాయి. అదే తోలుబొమ్మలాట. మేకతోలును పలుచగా చేసి, నిలువెత్తు బొమ్మలుగా కత్తిరించి, రంధ్రాలతో నగలు చెక్కి, రంగులద్ది, కీళ్ల దగ్గర దారాలతో ముడివేసి, వెదురుపుల్లల సాయంతో ఆడించేవారు. దేవతల బొమ్మలకు ఒకప్పుడు జింకతోలు వాడేవారట. తెల్లని తెరకు వెనుక దీపం, దీపానికీ తెరకూ మధ్య బొమ్మ. ఇంతే సామగ్రి. జాతరలకు, శివరాత్రి జాగరణలకు ఈ తెరమీద రామరావణ యుద్ధం తెల్లవారేదాకా సాగేది. నిద్రమత్తులో తూగేవారిని మేల్కొలపడానికి కేతిగాడు, జుట్టు పోలిగాడు, బంగారక్క నడుమ నడుమ ప్రత్యక్షమయ్యేవారు. కాలక్రమంలో ఊరూరా సినిమా వచ్చింది. తోలుబొమ్మల తెర క్రమంగా చిన్నదైపోయింది. తరతరాలుగా బొమ్మలాడించిన కుటుంబాలవారు అదే తోలుతో దీపాల మీద కప్పే అలంకార వస్తువులు చేసి అమ్ముకొని బతకవలసి వచ్చింది.

నీడల కళను సినిమా మింగివేసిందని మన అనుభవం చెబుతుంది. అయితే ఇక్కడికి వేల మైళ్ల దూరంలో, సినిమా ఇంకా పసితనంలో ఉన్న రోజుల్లోనే, ఒక యువతి నీడలబొమ్మలను తీసుకొనిపోయి సినిమా లోపలే కూర్చోబెట్టింది. ఒక కత్తెర, కొన్ని నల్లని అట్టముక్కలు, అంతులేని ఓర్పు ఆమె పెట్టుబడి. అరవై సంవత్సరాలపాటు ఆ పని చేసి, నలభైకి పైగా చిత్రాలను లోకానికి అందించిన ఆ కళాకారిణి పేరు లోటె రైనిగర్.

ఆమె 1899 జూన్ 2న జర్మనీలో, బెర్లిన్ నగరాన్ని ఆనుకొని ఉన్న షార్లొటెన్‌బుర్గ్‌లో జన్మించింది. నల్లని కాగితాన్ని కత్తిరించి మనుషుల పక్కవాటు రూపాలను తయారుచేయడం ఆనాటి ఐరోపాలో ఒక సామాన్యమైన కాలక్షేపం. చిత్రకారునిచేత తైలవర్ణ చిత్రం గీయించుకొనే స్తోమత లేనివారు ఈ నల్లబొమ్మతో తృప్తిపడేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఆర్థికమంత్రిగా పనిచేసిన ఎత్యెన్ ద సిలుయెట్ పొదుపుకు పేరుపడ్డవాడు కావడంతో, ఈ చవకరకం చిత్రాలకు వేళాకోళంగా ఆయన పేరే స్థిరపడింది. అటువంటి చవక కళ రైనిగర్‌కు బాల్యంలోనే పట్టుబడింది. కత్తెరను ఇంచుమించు కదలనీయక కాగితాన్నే తిప్పుతూ ఆమె క్షణాల్లో గుర్రాన్నో, రాకుమారినో బయటికి తీసేది. ఇంట్లో చిన్న నీడల నాటకశాల కట్టుకొని, షేక్‌స్పియర్ నాటకాలను బంధుమిత్రుల ముందు ఆడించేది.

పదిహేనేళ్లు దాటిన వయస్సులో ఆమె జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఒకటి జరిగింది. 1915లో పాల్ వెగెనర్ అనే ప్రసిద్ధ నటుడు, దర్శకుడు చేసిన ఉపన్యాసం వినే అవకాశం ఆమెకు లభించింది. రంగస్థలం మీద సాధ్యంకాని అద్భుతాలను కెమెరా సాధించగలదన్నది ఆ ఉపన్యాస సారాంశం. అది విన్నది మొదలు ఆమెకు సినిమా తప్ప మరో ధ్యాస లేకపోయింది. తల్లిదండ్రులను ఒప్పించి, వెగెనర్ పనిచేస్తున్న మాక్స్ రైన్‌హార్ట్ నాటకసంస్థకు చెందిన నటశిక్షణాలయంలో చేరింది. ఆమె ధ్యేయం నటన కాదు, వెగెనర్ దృష్టిలో పడడం. తెరచాటున నిలబడి, రంగస్థలం మీద నటిస్తున్నవారి రూపాలను నల్లకాగితంతో కత్తిరించసాగింది. నటులకు తమ రూపాలంటే సహజంగానే ఇష్టం. ఆ కాగితపు బొమ్మలు చేతులు మారుతూ చివరికి వెగెనర్ చేతికి చేరాయి. తన చిత్రాల పేర్లపలకలకు బొమ్మలు కత్తిరించే పనిని ఆయన ఆమెకు అప్పగించాడు.

1918లో వెగెనర్ హామెలిన్ నగరపు వేణుగాయకుని కథను చిత్రంగా తీశాడు. వేణునాదానికి మైమరచి ఎలుకల దండు గాయకుని వెంట నడవాలి. నిజమైన ఎలుకలను తెచ్చి వదిలారు. అవి దర్శకుని ఆజ్ఞను లెక్కచేయక దిక్కుకొకటిగా పారిపోయాయి. గినీపందులతో ప్రయత్నించారు. అవీ మాట వినలేదు. చివరికి చెక్క ఎలుకలను చేయించి, వాటిని కొద్దికొద్దిగా జరుపుతూ, జరిపిన ప్రతిసారీ ఒక్కొక్క ఫ్రేము చొప్పున చిత్రించే పని రైనిగర్‌కు అప్పగించారు. ప్రాణమున్న ఎలుకలు చేయలేని పనిని చెక్క ఎలుకలు చేసి చూపాయి. ఆమె జీవితమంతా చేయబోయే పనికి అదే తొలిపాఠం.

ఇక్కడ ఆ పని స్వరూపాన్ని కొంత వివరంగా తెలుసుకోవలసి ఉంటుంది. చలనచిత్రం అనేది నిజానికి వరుసగా చూపే నిశ్చలచిత్రాల మాల. ఒక సెకను కదలికకు మూకీల కాలంలో సుమారు పదహారు మొదలు పద్దెనిమిది వరకు, టాకీలు వచ్చిన తర్వాత ఇరవై నాలుగు చిత్రాలు కావలసి వచ్చేవి. బొమ్మను ఒక భంగిమలో ఉంచి ఒక చిత్రం తీసి, దాని చేతిని వెంట్రుకవాసి జరిపి మరో చిత్రం తీసి, ఇలా వేలసార్లు చేసి వాటిని వేగంగా తెరమీద చూపితే ప్రాణంలేని బొమ్మ నడుస్తుంది. దీన్నే యానిమేషన్ అంటున్నాం. పది నిమిషాల టాకీ లఘుచిత్రానికి పద్నాలుగువేల నాలుగువందల ఫ్రేములు కావాలి. మన దేశంలో దాదాసాహెబ్ ఫాల్కే 1915లో అగ్గిపుల్లలను ఇదే పద్ధతిలో కదిలించి ఒక లఘుచిత్రం తీశాడు.

రైనిగర్ తన బొమ్మలను నల్లని అట్టతోను, పలుచని సీసపు రేకుతోను చేసేది. తల, మెడ, భుజం, మోచేయి, మణికట్టు, నడుము, మోకాలు అన్నింటినీ విడివిడిగా కత్తిరించి సన్నని తీగతో కీళ్లు కట్టేది. ముఖ్యపాత్ర ఒక్కొక్కదానికి పదుల సంఖ్యలో ముక్కలుండేవి. పాత్ర తెరమీద దగ్గరగా కనిపించవలసి వస్తే, అదే పాత్రకు పెద్ద తలను, చేతులను వేరుగా చేసుకొనేది. అడుగునుంచి వెలుతురు పడే గాజుబల్ల మీద బొమ్మను వెల్లకిలా పరచి, పైన నిలువుగా బిగించిన కెమెరాతో చిత్రించేది. వెనుక దృశ్యాలకు పలుచని కాగితపు పొరలు వాడేది. ఒక పొరమీద మరో పొర వేసినకొద్దీ కొండలు, అడవులు లేతబూడిదరంగు నుండి ముదురు నలుపుకు మారేవి. మన తోలుబొమ్మలాటకు, ఈ విధానానికి పోలిక స్పష్టమే. అయితే ఒక భేదం ఉంది. మన బొమ్మ తోలు వెలుతురును తనగుండా పోనిస్తుంది. కనుక తెరమీద ఎరుపు, పచ్చ, నీలి రంగులు మెరుస్తాయి, కన్ను ముక్కు కనిపిస్తాయి. రైనిగర్ బొమ్మ కటికనలుపు. దానికి కన్నీరు లేదు, చిరునవ్వు లేదు. దుఃఖమైనా సంతోషమైనా మెడవంపులోనే, వేళ్ల కదలికలోనే పలకాలి. అందుకే ఆమె జంతుప్రదర్శనశాలల్లో గంటల తరబడి కూర్చొని జంతువుల నడకను గమనించేదని, ఇంటికి వచ్చి నేలమీద పాకుతూ ఆ నడకను తన ఒంటికి పట్టించుకొనేదని చెబుతారు.

1919లో బెర్లిన్‌లోని ఒక సాంస్కృతిక పరిశోధన సంస్థలో ఆమె తన తొలి సొంత లఘుచిత్రాన్ని పూర్తిచేసింది. ఇద్దరు ప్రేమికులు, వారి మనఃస్థితులను బట్టి రూపం మార్చుకొనే ఒక అలంకారం, ఇంతే అందులోని కథ. అక్కడే ఆమెకు కార్ల్ కోఖ్ పరిచయమయ్యాడు. 1921లో వారిద్దరూ వివాహం చేసుకొన్నారు. అప్పటినుండి నలభై రెండేళ్లపాటు ఆమె బొమ్మల మీద వంగి ఉంటే, ఆయన కెమెరా దగ్గర నిలబడ్డాడు. 1922లో తీసిన సిండ్రెల్లా చిత్రంలో మొదట కత్తెర, కత్తిరిస్తున్న చేతులు కనిపిస్తాయి. ఆ కత్తెర అంచునుంచే సిండ్రెల్లా పుడుతుంది. బంగారు పాదరక్షలో పట్టించడానికి సవతి అక్క తన పాదాన్నే కోసుకొనే ఘట్టాన్ని కూడా ఆమె దాచలేదు. పిల్లల కథ అనగానే అంతా తియ్యగా ఉండాలన్న నియమాన్ని ఆమె ఏనాడూ పాటించలేదు. అదే సంవత్సరం నివియా లేపనానికి ఒక ప్రకటన చిత్రాన్ని కూడా తీసిపెట్టింది. కళాకారిణికైనా పొట్ట గడవాలి కదా!

1923 నాటికి జర్మనీ ఆర్థికవ్యవస్థ కుప్పకూలింది. నాణెం విలువ గంటగంటకు దిగజారిపోయేది. డబ్బును డబ్బు రూపంలో ఉంచుకోవడం కన్నా ఏదో ఒక వస్తువుగా మార్చుకోవడం మేలని ధనికులు భావించారు. లూయీ హాగెన్ అనే బ్యాంకరు ఆ విధంగా పెద్దమొత్తంలో ముడిఫిల్మును కొనిపెట్టాడు. తరువాత దాన్ని ఏం చేయాలో ఆయనకు పాలుపోలేదు. రైనిగర్ లఘుచిత్రాలను చూసిన ఆయన, ఈ ఫిల్ముతో ఒక పెద్ద కథాచిత్రం తీయవలసిందిగా కోరాడు. నీడబొమ్మలతో పది నిమిషాలకు మించి ప్రేక్షకులను కూర్చోబెట్టడం అసాధ్యమని చిత్రపరిశ్రమలోని పెద్దలు భావిస్తున్న రోజులవి. ఇరవై నాలుగేళ్ల రైనిగర్ అందుకు అంగీకరించింది.

పోట్స్‌డామ్‌లో హాగెన్ ఇంటి ఆవరణలో కార్లషెడ్డు ఉండేది. దాని పైనున్న అటక స్టూడియోగా మారింది. అరేబియా రాత్రుల కథల నుండి ఎగిరే గుర్రాన్ని, అహ్మద్ రాకుమారుణ్ణి, పక్షిరూపం ధరించే పరీబానును, అల్లావుద్దీన్ దీపాన్ని తీసుకొని ఆమె ఒక్క కథగా అల్లింది. వాల్టర్ రుట్‌మన్, బెర్టోల్డ్ బార్టోష్ వంటి ప్రయోగశీలురైన కళాకారులు ఆమెకు తోడుగా నిలిచారు. మంత్రాలు పుట్టించే వెలుగురేఖలను ఒకరు, సముద్రపు అలలను మరొకరు సృష్టించారు. దగ్గరి వస్తువులు, దూరపు కొండలు వేరువేరు లోతుల్లో కనిపించడానికి గాజుపలకలను అంతస్తులుగా అమర్చి చిత్రించారు. వాల్ట్ డిస్నీ సంస్థ ఇటువంటి అంతస్తుల కెమెరాను నిర్మించి ప్రఖ్యాతి పొందడానికి సుమారు పదేళ్ల ముందటి మాట ఇది. 1923 నుండి 1926 వరకు, మూడు సంవత్సరాలు ఈ కృషి సాగింది. తీసిన ఫ్రేములు లక్షల్లో ఉండగా, వాటిలో కొంతభాగమే చివరి చిత్రంలో మిగిలింది. తయారైన చిత్రం నిడివి గంటకు కొంచెం ఎక్కువ. హాగెన్ గారి పిల్లలు అప్పుడప్పుడు మెట్లెక్కి వచ్చి ఈ వింతను చూసిపోతుండేవారు. వారిలో ఒక పసివాని ప్రసక్తి ముందు మళ్లీ వస్తుంది.

1926 మే 2న బెర్లిన్‌లో అహ్మద్ రాకుమారుని సాహసాల చిత్రం తొలిసారి ప్రదర్శితమైంది. వోల్ఫ్‌గాంగ్ జెల్లర్ దానికోసమే సంగీతం కూర్చాడు. ఆ తర్వాత పారిస్‌లో చిత్రానికి ఘనస్వాగతం లభించింది. మంత్రగాడూ మంత్రగత్తే సింహంగా, పాముగా, తేలుగా, కోడిపుంజుగా క్షణానికొక రూపం మారుస్తూ పోరాడే ఘట్టం నేటికీ ప్రేక్షకులను కట్టిపడేస్తుంది. నిండునిడివి యానిమేషన్ చిత్రమంటే లోకం 1937 నాటి డిస్నీ హిమసుందరి చిత్రాన్నే తలచుకొంటుంది. రైనిగర్ చిత్రం దానికన్నా పదకొండేళ్లు పెద్దది. అంతకుముందే అర్జెంటీనాలో క్విరినో క్రిస్తియానీ తీసిన చిత్రాలు నశించిపోయాయి. కనుక నేటికి దక్కిన నిండునిడివి యానిమేషన్ చిత్రాలలో ఇదే అత్యంత ప్రాచీనం. ఒక సంస్థ వెనుక వందలాది చిత్రకారులు, ప్రచారయంత్రాంగం ఉన్నారు. మరొక చిత్రం వెనుక ఉన్నది ఒక అటక, అందులోని అరడజను మంది. ఖ్యాతి పంపిణీలో ఈ తేడా లెక్కకు రాకుండా పోలేదు.

1928లో డాక్టర్ డూలిటిల్ కథలను ఆమె మూడు లఘుచిత్రాలుగా రూపొందించింది. జంతువుల భాష తెలిసిన ఒక వైద్యుడు, జబ్బుపడిన కోతులకు చికిత్స చేయడానికి ఆఫ్రికాకు బయలుదేరతాడు. లోయ దాటే దారిలేనప్పుడు కోతులే ఒకదాన్నొకటి పట్టుకొని తమ శరీరాలతో వంతెనగా మారతాయి. వారధి కట్టిన వానరసేనను తోలుబొమ్మల తెరమీద చూసిన సీమ ప్రేక్షకులకు ఈ దృశ్యం ఏమంత కొత్తగా తోచదు.

ఆ వెంటనే ఆమెకు మొదటి పెద్ద దెబ్బ తగిలింది. ఊరూరా తిరిగే నీడలాట బృందం జీవితాన్ని ఇతివృత్తంగా తీసుకొని, నటులతోను బొమ్మలతోను కలిపి ఆమె ఒక పెద్ద చిత్రానికి పూనుకొంది. అది మూకీగా పూర్తయ్యే సమయానికి టాకీల యుగం వచ్చిపడింది. హడావిడిగా మాటలు అతికించి 1930లో విడుదల చేశారు. చిత్రం పరాజయం పాలైంది. నిండునిడివి చిత్రానికి పెట్టుబడి పెట్టేవారు ఆ తర్వాత ఆమెకు దొరకలేదు. అందువల్ల లఘుచిత్రమే ఆమెకు శాశ్వతమైన ఇల్లయింది. టాకీ తెచ్చిన ఆపదనే ఆమె అవకాశంగా మలచుకొన్న తీరు గమనించదగింది. సంగీతాన్ని స్వరస్వరంగా కొలిచి, ఏ స్వరానికి బొమ్మ కాలు ఎత్తాలో ముందే లెక్కగట్టి చిత్రించసాగింది. విషాదాంతమైన కార్మెన్ సంగీతనాటకాన్ని 1933లో హాస్యంగా తిప్పిరాసింది. 1935లో మొజార్ట్ సంగీతానికి పాపగేనో చిత్రాన్ని తీసింది. పక్షులను పట్టి బతికే ఒక అమాయకుడు, తోడుకోసం అతడు పడే తపన అందులోని విషయం. తెరమీద రెక్కలాడించే ప్రతి పిట్టా ఆమె కత్తెరలోనుంచి ఎగిరినదే.

ఇంతలో జర్మనీలో నాజీల పాలన మొదలైంది. రైనిగర్, కోఖ్ దంపతుల మిత్రులలో అనేకులు యూదులు, వామపక్ష భావాలు కలవారు. తమ మిత్రులను వేటాడే ప్రభుత్వం నీడలో బొమ్మలాడించడానికి ఆమెకు మనస్కరించలేదు. 1930ల మధ్యలో ఆ దంపతులు స్వదేశాన్ని విడిచి బయటపడ్డారు. కాని ఏ దేశమూ వారికి స్థిరనివాసానికి అనుమతి ఇవ్వలేదు. ఒక దేశంలో అనుమతి గడువు ముగియగానే మరో దేశానికి మారుతూ ఇంగ్లండు, ఫ్రాన్సు, ఇటలీల మధ్య సంవత్సరాల తరబడి తిరిగారు. ఒక్కొక్కప్పుడు భర్త ఒక దేశంలో, భార్య మరో దేశంలో ఉండవలసి వచ్చేది. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ వారికి ఆప్తమిత్రుడు. 1938లో ఆయన తీసిన లా మార్సెయేజ్ చిత్రంలోని నీడలాట ఘట్టాన్ని రైనిగర్ సమకూర్చింది. అదే సంవత్సరం బ్రిటిష్ తపాలాశాఖ చిత్రవిభాగానికి రెండు లఘుచిత్రాలు చేసి ఇచ్చింది. ఒకదానిలో దేవదూతలు తంతివార్తలు పంచుతారు. మరొకదానిలో ఒక పేద ప్రేమికుని పెళ్లికి తపాలా పొదుపుఖాతా అక్కరకు వస్తుంది. కాళ్లకింద నేల లేని రోజుల్లో ఇంతటి హాస్యం ఆమెకు ఎలా సాధ్యపడిందో!

యుద్ధం తీవ్రమయ్యాక దంపతులు ఇటలీలో గడిపారు. 1944లో జబ్బుపడిన తల్లిని చూసుకోవడానికి ఆమె, తాను వదిలి వచ్చిన బెర్లిన్‌కే తిరిగి వెళ్లవలసి వచ్చింది. అక్కడ పాలకుల అదుపాజ్ఞలలో బంగారుబాతు కథను చిత్రించే పని ఆమెపై పడింది. పైన విమానాల బాంబులు, కింద గాజుబల్ల మీద కాగితపు బొమ్మలు. ఆ చిత్రం అసంపూర్ణంగానే మిగిలింది. బెర్లిన్ పతనమైన నాటి విధ్వంసంలో అహ్మద్ రాకుమారుని చిత్రపు అసలు నెగటివ్ కూడా నాశనమైంది. మూడేళ్ల శ్రమ, లక్షల కదలికలు, అన్నీ ఆ మంటల్లో కలిసిపోయాయి. ఆమెకు అప్పటికి నలభై ఐదేళ్లు.

1949లో ఆ దంపతులు లండన్ చేరారు. ఇక్కడ కథలోకి మళ్లీ ఆ అటక మెట్లెక్కి వచ్చిన పసివాడు ప్రవేశిస్తాడు. బ్యాంకరు హాగెన్ కుమారుని పేరు కూడా లూయీ హాగెనే. యూదు కుటుంబంలో పుట్టిన ఆ బాలుడు, నాజీలను ఎగతాళి చేస్తూ ఒక కార్డుమీద రాసిన హాస్యోక్తికి గాను కౌమారంలోనే నిర్బంధశిబిరం పాలయ్యాడు. విడుదలై ఇంగ్లండుకు చేరుకొని, బ్రిటిష్ సైన్యంలో గ్లైడర్ నడిపి, ఆర్నెమ్ యుద్ధంలో పాల్గొని పతకం పొందాడు. యుద్ధానంతరం అతడు లండన్‌లో ప్రిమ్‌రోజ్ ప్రొడక్షన్స్ అనే సంస్థ నెలకొల్పడంలో పాలుపంచుకొన్నాడు. తండ్రి ఇచ్చిన ఫిల్ముతో ఆమె తొలి పెద్ద చిత్రం పుట్టగా, కొడుకు సంస్థ ద్వారా ఆమె లఘుచిత్రాల మలిదశ ఆరంభమైంది.

1953, 1955 సంవత్సరాల మధ్య ఆమె టెలివిజన్ కోసం పన్నెండుకు పైగా కథాచిత్రాలు తీసింది. ఒక్కొక్కటి పది నిమిషాలు, ఆ మాత్రమే. చూస్తే ప్రతిదీ ఒక వేరే లోకం. కలిఫా కొంగ చిత్రంలో ఒక రాజు మంత్రపు పొడి పీల్చి కొంగగా మారతాడు. ఆ రూపంలో ఉండగా నవ్వకూడదన్నది నియమం. నవ్వడంతో తిరిగి మనిషి కావడానికి చెప్పవలసిన మాటను మరచిపోతాడు. మూడు వరాల కథలో పొందిన వరాలను ఆలుమగలు తెలివితక్కువతనంతో వ్యర్థం చేసుకొంటారు. బొటనవేలంత అమ్మాయి కథలో ఒక వానకోయిల ఆమెను వీపుమీద ఎక్కించుకొని వెచ్చని దేశానికి చేరుస్తుంది. జాక్ చిక్కుడుతీగ పట్టుకొని ఆకాశానికి ఎగబాకి రాక్షసుణ్ణి గెలుస్తాడు. ఒకే దెబ్బకు ఏడు ఈగలను చంపిన బక్కదర్జీ, ఆ మాటను నడికట్టు మీద కుట్టుకొని బయలుదేరతాడు. ఏడుగురు వీరులను చంపాడని భ్రమపడిన లోకం అతణ్ణి చూసి గడగడలాడుతుంది. ఈ దర్జీ చిత్రానికి 1955లో వెనిస్ ఉత్సవంలో టెలివిజన్ చిత్రాల విభాగంలో బహుమతి లభించింది.

ఈ కథలు ఏవీ రైనిగర్ సొంతం కావు. గ్రిమ్ సోదరులవి, ఆండర్సన్‌వి, అరేబియా కథకులవి. తోలుబొమ్మలాడించేవారికి రామాయణం సొంతం కాదు కదా! తెలిసిన కథ కాబట్టే ప్రేక్షకుడు ఏం జరుగుతుందా అని కాక, ఎలా జరుగుతుందో చూస్తాడు. ఆమె ఎన్నుకొన్న కథల్లో గెలిచేవారంతా అల్పులు, అనాథలు, దారితప్పినవారు కావడం యాదృచ్ఛికమని అనుకోవడం కష్టం. దేశం నుండి దేశానికి పెట్టెలు మోసుకొని తిరిగిన వ్యక్తి చేతిలో ఆ బక్కదర్జీ ధైర్యానికి ఒక ప్రత్యేకమైన బరువు వచ్చింది. కండలు తిరిగిన రాక్షసుని నీడ, పుల్లలాంటి దర్జీ నీడ తెరమీద ఎదురెదురుగా నిలిచినప్పుడు రెండింటికీ ఉన్నది ఒకే నలుపు.

1963లో కార్ల్ కోఖ్ మరణించాడు. ఆయన లేని కెమెరా పక్కన కూర్చోవడానికి ఆమెకు మనసొప్పలేదు. కొన్ని సంవత్సరాలపాటు చిత్రాలు తీయడం దాదాపు మానివేసి, లండన్ శివారులో ఏకాంతంగా గడిపింది. స్వదేశం ఆమెను మరచిపోయింది. 1960ల చివరలో జర్మనీలోని చిత్రకళాభిమానులు ఆమె చిత్రాలను మళ్లీ వెలికితీసి ప్రదర్శించి, ఆమెను సగౌరవంగా ఆహ్వానించారు. ఒకనాడు తాను పారిపోయిన దేశానికి డెబ్బై ఏళ్ల వయస్సులో అతిథిగా వెళ్లింది. 1970లో ప్రపంచదేశాల నీడల నాటకశాలల గురించి, నీడచిత్రాలను చేసే విధానాన్ని గురించి ఆమె రాసిన గ్రంథం వెలువడింది. తన విద్యలోని కిటుకులను దాచుకోకుండా, కీలు ఎక్కడ కట్టాలో, దీపం ఎంత ఎత్తున ఉండాలో అందులో వివరించింది. 1972లో జర్మనీ చలనచిత్ర పురస్కారం, 1979లో ఆ దేశపు పౌరపురస్కారం ఆమెను వరించాయి.

పురస్కారాలకన్నా ఆమెకు ఎక్కువ మేలు చేసినది మళ్లీ దొరికిన పని. కెనడా జాతీయ చలనచిత్ర మండలి ఆహ్వానం మేరకు అక్కడికి వెళ్లి, 1975లో ఒక మధ్యయుగపు ప్రేమకథను రంగుల నీడచిత్రంగా తీసింది. 1979లో, ఎనభై ఏళ్ల వయస్సులో, థాకరే రాసిన గులాబీ, ఉంగరం కథను పూర్తిచేసింది. ఆ మరుసటి సంవత్సరం డ్యుసెల్‌డార్ఫ్‌లోని చిత్రసంస్థ కోసం ఋతువుల మీద ఒక చిన్న చిత్రం చేసింది. అదే చివరిది. చివరి దినాలలో జర్మనీలోని డెటెన్‌హౌజెన్ గ్రామంలో మిత్రుల ఇంట ఉన్న ఆమె, 1981 జూన్ 19న కన్నుమూసింది.

అహ్మద్ రాకుమారుని కథ అప్పటికి సగం చీకటిలోనే ఉంది. మిగిలిన ప్రతులు చాలావరకు నలుపుతెలుపులవి. మొదటి ప్రదర్శనల నాడు ఆ చిత్రంలో రాత్రికి నీలిమ, అగ్నిపర్వతానికి ఎర్రదనం, ఎడారికి పసుపు ఉండేవి. ఫిల్మును దృశ్యానుసారం రంగునీటిలో ముంచి తీసిన రంగులవి. లండన్‌లోని చలనచిత్ర భాండాగారంలో భద్రంగా ఉన్న ఒక పాత రంగుల ప్రతి ఆధారంగా జర్మనీ నిపుణులు 1998, 1999 సంవత్సరాలలో చిత్రాన్ని పునరుద్ధరించారు. జెల్లర్ సంగీతాన్ని కూడా దానికి తిరిగి జతచేశారు. 2010లో విడుదలైన హ్యారీ పాటర్ చిత్రంలో ముగ్గురు అన్నదమ్ముల కథను చెప్పే నీడబొమ్మల ఘట్టం చూసినవారికి రైనిగర్ అడుగుజాడలు సులభంగానే కనిపిస్తాయి. ఆమె కత్తిరించిన బొమ్మలు అనేకం డెటెన్‌హౌజెన్‌కు సమీపంలోని ట్యూబింగెన్ నగర ప్రదర్శనశాలలో ఉన్నాయి. గాజు వెనుక అవి నిశ్చలంగా పడుకొని ఉంటాయి. దగ్గరగా వంగి చూస్తే మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర కీళ్లు కట్టిన సన్నని తీగలు కనిపిస్తాయి.